కుముద పద్యానికి తాత్పర్యం

మా ఇంట్లో తూర్పు గదిలో వాన పడుతోంది. పడమటి గదిలో కరువు. మధ్య హాల్లో కుర్చీ వేసుకుని నేను కూర్చున్నాను.

తూర్పు గదిలో నా భార్య కుముద నడుములోతు నీళ్లలో నిలబడి ఉంది. పడమటి గదిలో మా అమ్మాయి వకుళ నెర్రెలిచ్చిన నేల మీద ముడుచుకుని పడుకుంది. పెదాలు పగిలాయి. కుముద దగ్గర చెంబు ముంచుకుని వెళ్తాను. పడమటి గడప దాటగానే చెంబు ఎండిపోతుంది.

కుముద గుమ్మం దాటి రాలేకపోయింది. చెయ్యి చాపి హాలు గోడ మీద బొగ్గుతో దేవుడికి పద్యం రాసింది. ఒక చేత్తో కట్టలు తెంచావు, ఒక చేత్తో ఊటలు పూడ్చావు, ఈ చేతిలోది ఆ చేతిలో పోస్తే నీ సొమ్మేం పోతుంది, అని అడిగింది.

ఒకాయన వచ్చి వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తాడు. చంకలో గొడుగు, చేతిలో విసనకర్ర.

"పైనుంచి వచ్చానండి మాస్టారూ. పద్యం అందింది. ఆయనకి పద్యాలు అర్థం కావు. రాగం విని తల ఊపేస్తారు, అంతే. తమరు తాత్పర్యం చెబితే పట్టుకెళ్తాను."

నీళ్లు కుముద భుజాల దాకా వచ్చాయి. "బళ్లో చెప్పినట్టు చెప్పకండి," అంటుంది. "నేను తిట్టాను. తిట్టినట్టే చెప్పండి."

"తెలుగు మాస్టారికి నువ్వు నేర్పుతావా?"

లేచి గొంతు సవరించుకుంటాను. ఏ పద్యానికైనా నా తాత్పర్యం ఒకేలా మొదలవుతుంది. నోరు దానంతట అదే తెరుచుకుంటుంది.

"ఓ దేవా! నీ మహిమ అపారము. ఒక చేత వర్షమును, ఒక చేత ఎండను ప్రసాదించుచున్నావు. నీ లీలలు వర్ణింప మా తరమా? అని కవయిత్రి భక్తితో కీర్తించుచున్నదని భావము."

హాల్లో పిల్లలెవరూ లేరు. రాసుకుంటున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"అయ్యో, నా రాత," అంటుంది కుముద. "నూటికి నూరు వేయించుకోండి."

ఆయన వెళ్తాడు. నేను కుర్చీలో కూర్చునేలోగా తిరిగి వస్తాడు. ముఖం వెలిగిపోతోంది.

"చాలా సంతోషించారండి. అంత నచ్చితే వానా ఎండా రెండూ రెట్టింపు చేద్దామన్నారు."

"అది పొగడ్త కాదండీ. మళ్లీ చెబుతాను, ఉండండి."

"ఒక పద్యానికి రెండు తాత్పర్యాలేమిటి మాస్టారూ? పిల్లలు రాస్తే మీరే కొట్టేస్తారు కదా."

చెప్పులు వేసుకుని వెళ్లిపోతాడు.

తూర్పు గది కప్పు దాకా నిండుతుంది. నీళ్లు గుమ్మంలో అద్దంలా నిలిచిపోతాయి. అద్దం వెనక కుముద పెదాలు కదులుతున్నాయి. పద్యమే చదువుతోందనుకుంటాను. చేత్తో తడతాను. గట్టిగా ఉంది.

పడమటి గదిలోకి పరుగెత్తుతాను. నేల పొడైపోయి ఇసుక పరుచుకుంది. వకుళ ఒంటరిగా లేదు. ఇసుకతో అమ్మను చేసుకుంది. జడ, బొట్టు, ముక్కుపుడక అన్నీ కుదిరాయి. ఇసుక కుముద పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, దోసిలితో ఇసుక నోట్లో పోస్తోంది. వకుళ గటగటా తాగుతోంది.

"చల్లగా ఉంది నాన్నా," అంటుంది మూతి తుడుచుకుంటూ. "నువ్వూ తాగు."

ఇసుక కుముద మరో దోసిలి నింపి, వేళ్ల సందుల్లోంచి ఒక్క రేణువు జారకుండా, నా నోటికి అందిస్తుంది.