యమ్నా పాట ఉన్న డబ్బాలు

మొరాకోలోని అస్ఫీ రేవులో పడవలు ఒడ్డుకు చేరిన గంటకు చేపల డబ్బాల ఫ్యాక్టరీ కూత వేస్తుంది. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో గొంతు. ఒకటి తల్లిని వెతికే దూడలా అరుస్తుంది, ఇంకొకటి గొంతు పట్టేసిన ముసలాయనలా దగ్గుతుంది. కొండవాలు ఇళ్ళలో ఆడవాళ్ళు పిండి కలుపుతున్న చెయ్యి ఆపి వింటారు. తమ కూత కాకపోతే మళ్ళీ పిండిలో చెయ్యి పెడతారు. తమదైతే తెల్లకోటు చంకన పెట్టుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని రేవుకు దిగిపోతారు. చేప ఎంత వస్తే అంత పని, పని ఎన్ని గంటలుంటే అన్ని గంటల కూలి.

యమ్నా ఇరవై ఆరేళ్ళుగా ఆ దగ్గే కూతకే వెళ్తోంది. మొదటి పదేళ్ళు అందరిలాగే కవళ్ళ చేపల తలలు కోసి, డబ్బాలో ఒకటి అటూ ఒకటి ఇటూ తిప్పి పేర్చింది. చదవడం రాయడం వచ్చు కాబట్టి ఆ తర్వాత మూతల తనిఖీకి మార్చారు. అప్పటినుంచి అందరూ మర్యాదగా లల్లా అని పిలుస్తున్నారు.

మూత ఎలా బిగుస్తుందో ముందు చెప్పుకుంటే తర్వాతి సంగతి సులువుగా తెలుస్తుంది. చొక్కా అంచు కుట్టేటప్పుడు ముందు మడత పెడతాం, ఆ మడతను నొక్కి పట్టి కుడతాం. డబ్బాకూ అంతే. మొదటి చక్రం మూత అంచునూ డబ్బా అంచునూ కలిపి మడుస్తుంది. రెండో చక్రం ఆ మడతను నొక్కుతుంది. రెండోది అరిగితే మడత పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం వెంట్రుకంత సందు ఉండిపోతుంది. ఉడికిన డబ్బాలను నీళ్ళలో చల్లారుస్తారు కదా, ఆ సందులోంచి ఒక్క చుక్క లోపలికి పోతే చాలు. ఆ చుక్కతో పాటు వెళ్ళిన క్రిమి చీకట్లో వారాల తరబడి పెరిగి చేపను విషం చేస్తుంది. అందుకే అరగంటకొకసారి యమ్నా ఒక డబ్బా తీసి, అంచు కోసి, భూతద్దంలో మడత చూసి, కాగితం మీద సంతకం పెట్టేది.

మూత పడే క్షణంలో దగ్గర్లో ఎవరు ఏం మాట్లాడితే ఆ మాట కూడా చేప పక్కన ఉండిపోతుంది. అందుకని అస్ఫీలో డబ్బా కొనేముందు చెవి దగ్గర పెట్టుకుంటారు. ఎక్కువ వాటిలో "మోచెయ్యి తియ్యవే తల్లీ", "మావాడికి మళ్ళీ జ్వరం" లాంటివే వినిపిస్తాయి. పెళ్ళికాని కుర్రాళ్ళు నవ్వులున్నవి ఏరుకుంటారు. అత్తల్ని తిట్టిన డబ్బాలను అత్తలు తప్ప అందరూ కొంటారు. వలలు బాగుచేసే మహ్జూబ్ భార్య ఈ ఫ్యాక్టరీలోనే పనిచేస్తూ పోయింది. ఆమె గొంతున్న డబ్బా ఒకటి అతని గూట్లో తొమ్మిదేళ్ళుగా తెరవకుండా ఉంది. మూత తీస్తే మాట పోతుంది మరి.

ఆగస్టులో ఒక గురువారం మూడు పడవలు నిండా చేపతో ఒకేసారి వచ్చాయి. ఎండ మండిపోతోంది. పది గంటల వేళ యమ్నా ఒక డబ్బా కోసి చూసింది. మడత వదులుగా ఉంది. ఇంకొకటి కోసింది. అదీ అంతే.

యంత్రం చూసే ముసలాయన బూజెమా ఆమె ముఖం చూసి దగ్గరికొచ్చాడు. "రెండో చక్రం పోయింది కదూ? ఇప్పుడే దాని చప్పుడు మారింది. మార్చాలంటే రెండు గంటలు. ఆపమంటావా, లల్లా యమ్నా?"

పేర్చే బల్లల దగ్గర నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. ఆపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. రెండు గంటల్లో ఆ ఎండకు చేప మెత్తబడుతుంది, దాన్ని ఎరువుకు తోలేస్తారు, వీళ్ళను ఇంటికి పంపేస్తారు. అంతకు ముందు వారమంతా సముద్రం బాగోలేక కూతే పడలేదు. యమ్నా వాళ్ళ ముఖాలు చూసింది. యంత్రం మాత్రం ఆగకుండా డబ్బా తర్వాత డబ్బాకు మూత వేస్తూనే ఉంది.

"నడవనీ బాబాయ్," అంది చివరికి. "మధ్యాహ్నం విరామంలో మారుద్దువుగాని."

బల్లల దగ్గర ఊపిర్లు వదిలిన చప్పుడు వినిపించింది. అందరిలోకీ నోరున్నది ఫత్నా. కత్తి ఆడిస్తూనే పాట కట్టేసింది.

"యమ్నా అద్దం పెట్టి చూసింది,
అద్దం నవ్వి ఊరుకుంది,
నడవనీ అంది, నడవనీ అంది,
మా పొయ్యి మీద కుండ నడిచింది."

నలభై మందీ అందుకున్నారు. విరామం కూత పడేదాకా అదే పాట. యమ్నా కూడా నవ్వింది. కాగితం మీద "సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టింది.

ప్రతిరోజు సరుకులోంచి కొన్ని డబ్బాలను వెచ్చని గదిలో వారం రోజులు ఉంచుతారు. చెడ్డదేదైనా ఉంటే ఆ వేడికి ఉబ్బి బయటపడుతుంది. ఐదో రోజు యమ్నా తలుపు తీసేసరికి ఆ గురువారం డబ్బాల్లో రెండు పొట్ట పెంచుకుని ఉన్నాయి. మేనేజరు సి ద్రిస్‌ను పిలుచుకొచ్చింది. మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడడు.

ఆయన ఆ రెండింటినీ తీసి జేబురుమాల్లో చుట్టాడు. "వీటిని నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు."

"ఆ రోజు సరుకంతా ఆపేయాలండీ."

"ఆపాల్సింది ఆ రోజు కదా లల్లా. యంత్రం దగ్గర ఉన్నది నేనా, నువ్వా?"

ఆయన వేరే రెండు మంచి డబ్బాలు తెప్పించి ఆ ఖాళీలో పెట్టాడు. ఏడో రోజున యమ్నా ఆ కాగితం మీద కూడా సంతకం పెట్టింది. ఆ తర్వాత గురువారం డబ్బాల మీద తేదీ అచ్చు తుడిపించి, రకరకాల తేదీలు వేయించి, నాలుగు వారాల సరుకులో కలిపేశారు. ఇక ఎవరు వెతికినా దొరకవు అనుకున్నాడు సి ద్రిస్.

దొరకకపోవడమేమిటి, జనం వాటినే వెతికి పట్టుకున్నారు. సెప్టెంబరు నాటికి ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా పాట ఉన్న డబ్బా కావాలని అడగడమే. కొట్టువాళ్ళు వాటిని విడిగా ముందు వరసలో పెట్టారు. పిల్లలు వీధిలో ఆ పాట పాడుతూ గెంతేవాళ్ళు. యమ్నా రొట్టె కొనడానికి వెళ్తే కొట్టతను నవ్వుతూ డబ్బా ఆమె చెవి దగ్గర పెట్టాడు. "విను, నీ పేరే. కొండల్లోంచి ఆడపిల్లల హాస్టల్ వంటమనిషి వచ్చి, ఫ్యాక్టరీ గిడ్డంగిలో కూర్చుని, ఒక్కో పెట్టెకు చెవి ఆనించి, పాట వినిపించిన అరవై పెట్టెలు ఏరుకుపోయిందట. ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లలు పాట వింటారని."

యమ్నా రొట్టె అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చేసింది. ఊళ్ళో కొట్లలో ఉన్న పాట డబ్బాలన్నీ తనే కొనేసి మంచం కింద పెట్టింది. అవి గుసగుసగా ఆమెను పొగుడుతూనే ఉండేవి. దుప్పట్లు కప్పింది. అయినా వినిపించేవి. అరవై పెట్టెల సంగతి మాత్రం ఆ మంచం కింద పట్టేది కాదు.

అక్టోబరు మొదట్లో మహ్జూబ్‌ను ఆసుపత్రిలో చేర్చారని తెలిసింది. యమ్నా వెళ్ళేసరికి అతని కనురెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి. ముక్కులో గొట్టం ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఇద్దరు యమ్నాలు కనిపిస్తున్నారు," అన్నాడు. "మంచిదే, ఒకరు పోయినా ఒకరుంటారు."

"ఏం తిన్నావు మహ్జూబ్?"

"నీ పాట డబ్బా. గూట్లో మా ఆవిడ డబ్బా పక్కన పెట్టుకుందామని కొన్నాను. ఆకలేసి తెరిచాను." కాసేపు ఆయాసపడ్డాడు. "డాక్టరుతో మాత్రం రేవులో కాల్చిన చేప తిన్నానని చెప్పాను. నీ పేరున్న డబ్బా కదా, నీకు మాట రాకూడదని."

యమ్నా లేచి డాక్టరు దగ్గరికెళ్ళి, డబ్బా చేప అని చెప్పింది. ఏ ఫ్యాక్టరీదో చెప్పింది. అక్కణ్ణుంచి తిన్నగా సి ద్రిస్ గదికి వెళ్ళింది.

"సరుకు వెనక్కి పిలిపించండి. కొండమీద పిల్లలున్నారు."

ఆయన సొరుగులోంచి రెండు కాగితాలు తీసి ఆమె ముందు పరిచాడు. "నా సంతకం ఎక్కడుందో చూపించు."

"లేదండీ. నాదే ఉంది."

"అయితే ఇంటికెళ్ళి పడుకో. నీకోసమే చెబుతున్నాను."

బయట నడవలో ఫత్నా అడ్డం నిలబడింది. తలుపు పక్కనుంచి అంతా వినేసింది. "అయితే ఫ్యాక్టరీ మూయిస్తావన్నమాట. నీ పేరు పెట్టి పాడాను కదే. ఇప్పుడు మా కుండ దించేస్తావా?"

"ఆ రోజు మీ ముఖాలు చూసి నడవనీ అన్నాను, ఫత్నా."

"మా మీద పెట్టకు."

"పెట్టడం లేదు. మీరు అడగలేదు. నేనే అన్నాను."

ఫత్నా పక్కకు తప్పుకుంది, దారి ఇవ్వడానికో ముఖం చూడలేకో. యమ్నా తెల్లకోటు విప్పి నడవలో కొక్కేనికి తగిలించి బయటికి నడిచింది.

ఆహార తనిఖీ కార్యాలయంలో చేపలూ మాంసం తనిఖీ చేసే డాక్టర్ సుమయ్య అనే పశువైద్యురాలు ఉంటుంది. యమ్నా గురువారం దగ్గర మొదలుపెట్టి, వరస తప్పకుండా అంతా చెప్పింది. సుమయ్య రాసుకుంది. రాయడం అయ్యాక కలం మూసి అడిగింది. "ఇందులో మొదట మీ పేరే వస్తుందని తెలుసు కదా? మేనేజరు పేరు విచారణలో తర్వాతెప్పుడో వస్తుంది. మీది మాత్రం ఇప్పుడే వచ్చేసింది."

"తెలుసమ్మా."

"తేదీలు మార్చేశారంటున్నారు. మరి కొండమీద ఏ డబ్బా ఏదో ఎలా పట్టుకోవడం? అన్నీ పారేయిద్దామంటే ఆ హాస్టల్‌కు వేరే తిండి వెంటనే పంపించే దారి లేదు. చలికాలం సరుకంతా అదే."

"చెవితో," అంది యమ్నా.

సుమయ్య తల ఊపి జీపు తెప్పించింది.

కొండదారిలో ఐదు గంటలు పట్టింది. హాస్టల్ పిల్లలు గేటు దగ్గరే మూగారు. పాట ఉన్న పెట్టెలను వంటమనిషి ఇంకా తెరవలేదు. మంచు పడి దారి మూసుకుపోయాక తినాలని దాచింది. కానీ పిల్లలు రోజూ కొట్టుగదిలోకెళ్ళి విని వస్తున్నారు, అందరికీ పాట నోటికి వచ్చేసింది. "పాటలో యమ్నా మీరేనా?" అని ఒకమ్మాయి చెయ్యి పట్టుకుంది. మరొకమ్మాయి పరుగున వెళ్ళి ఆమె కూర్చోవడానికి కుర్చీ తెచ్చింది.

యమ్నా ఆ కుర్చీలో కూర్చోలేదు. పిల్లలందరినీ భోజనాల గదిలో నేలమీద కూర్చోబెట్టమంది. తను నిలబడి, చొక్కా అంచు దగ్గర్నుంచి మొదలుపెట్టి, మూత ఎలా బిగుస్తుందో, ఆ రోజు ఎందుకు బిగియలేదో చెప్పింది. చక్రం అరిగిందని తెలిసి కూడా తను నడవనీ అన్నానని చెప్పింది. అది విని పాడిన పాట అది అని చెప్పింది. పాట ఉన్న ప్రతి డబ్బా కిటికీ వైపు పెట్టాలి, వేరే మాటలున్నవి గోడ వైపు.

ఆమె చెయ్యి పట్టుకున్న అమ్మాయి కొంచెం దూరం జరిగి కూర్చుంది. తర్వాత పెట్టెలు తెరిచారు. ఎనభై మంది పిల్లలు ఎనభై డబ్బాలు చెవుల దగ్గర పెట్టుకుని తలలు వంచి విన్నారు. కిటికీ వైపు గుట్ట పెరుగుతూ వచ్చింది. సుమయ్య లెక్క రాసుకుంటూ, వాటి మీద ఎర్ర సిరాతో గీత పెడుతూ పోయింది.

యమ్నా గోడ వైపు గుట్టను ఇంకోసారి వింటోంది. వాటిలో ఒకటి చెవి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"దీన్ని ఇటు పెట్టిందెవరు?"

జడలు విడిపోయిన చిన్నపిల్ల ఒకతె లేచింది. "నేనే పిన్నీ. అందులో పాట లేదు. అసలు ఎవరూ లేరు. అలాంటివి ఇంకా ఉన్నాయి, అన్నీ ఇటే పెట్టాను. మంచివే కదా?"

యమ్నా ఆ పిల్ల ముందు నేలమీద కూర్చుంది. బూజెమా అడిగినప్పటికీ తను జవాబు చెప్పినప్పటికీ మధ్య యంత్రం ఎన్ని మూతలు వేసి ఉంటుందో ఇన్నాళ్ళూ ఆమె ఆలోచించలేదు. ఇక్కడే పదమూడు ఉన్నాయి.

"ఇందులో ఉన్నదీ నేనేనమ్మా," అంది. "నన్ను అడిగారు, నేనింకా ఏమీ అనలేదు. అప్పటికే నాకు తెలుసు."

పిల్ల డబ్బా తీసుకుని మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"అవును," అంది. "ఎవరో ఊపిరి పీలుస్తున్నారు."

లేచి వెళ్ళి దాన్ని కిటికీ వైపు పెట్టి, మిగతా పన్నెండింటి కోసం వెనక్కి వచ్చింది.