మాష్టారి క్షమాపణ

కొత్తపేటలో మాణిక్యాలరావు మాష్టారి దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ‘కాబట్టి’ లేకుండా కాఫీ కూడా అడగరు. ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పిన మనిషి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ‘అందువల్ల’, ‘అయినప్పటికీ’ లాంటి ముడి పడకపోతే అది వ్యాసం కాదు, గుట్టగా పోసిన కొబ్బరికాయలు అనేవారు.

ఆ ముడుల పిచ్చే ఆయన కొంప ముంచింది. మహిళా సంఘం సభలో ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు జన్మలో మొదటిసారి మైకు ముందు నిలబడి, రెండు పేజీలు రాసుకొచ్చిన ప్రసంగం చదువుతున్నారు. మొదటి పేజీ ఇంకా పూర్తి కాలేదు. ముందు వరసలోంచి మాష్టారు లేచి, “ఈ వాక్యానికీ ముందు వాక్యానికీ సంబంధం ఏదీ? మధ్యలో ‘అందువల్ల’ ఏదీ?” అన్నారు. సభంతా గొల్లున నవ్వింది. ఆవిడ కాగితాలు మడిచి కూర్చున్నారు. మర్నాడు పొద్దున్న బస్సుకి మండపేటలో చెల్లెలు విజయ ఇంటికి వెళ్ళిపోయారు. పది రోజులైనా ఫోను ఎత్తలేదు.

పదకొండో రోజున మాష్టారు దిగొచ్చి క్షమాపణ ఉత్తరం రాశారు. పక్కింటి తులసి చీరల బేరానికి మండపేట వెళ్తోంది, ఆ పిల్ల చేత పంపుదామని ఆయన ఆలోచన. తులసి కూడా ఆయన శిష్యురాలే. “ముందు నువ్వు చదువమ్మా” అన్నారు, మెచ్చుకుంటుందన్న ఆశతో.

తులసి పైకే చదివింది. “నేను అలా లేవడం తప్పే. అయితే, తప్పు కనబడితే చెప్పడం నా వృత్తిధర్మం. పైగా, నువ్వు ముందే నాకు చూపించవలసింది. అదీగాక, నవ్వింది జనం గాని నేను కాదు. కాబట్టి వెంటనే బయలుదేరి రాగలవు.”

“ఎలా ఉంది?”

“ముడులు బ్రహ్మాండంగా పడ్డాయండి మాష్టారూ. తప్పు మీ ఇంట్లో బయల్దేరి, నాలుగు ముక్కల్లో మండపేట చేరిపోయిందండి.”

మాష్టారికి ఒళ్ళు మండింది. కాగితం లాక్కుని మళ్ళీ చదువుకున్నారు. మంట చల్లారి సిగ్గేసింది. ‘అయితే’ కొట్టేశారు, దాని వెనక వాక్యమూ పోయింది. ‘పైగా’, ‘అదీగాక’, ‘కాబట్టి’ కూడా అదే దారి పట్టాయి. చివరికి మొదటి వాక్యం ఒక్కటే మిగిలింది. ఇంత చిన్న ఉత్తరానికి ఆవిడ రాకపోతే తన గతేమిటని ఆయనకి నిజంగానే భయం వేసింది. ఆలోచించి ఇంకొక్క వాక్యం చేర్చారు. ఉత్తరం తులసికి ఇవ్వకుండా, చొక్కా తొడుక్కుని తనే బయల్దేరారు.

రావులపాలెంలో బస్సు మారి మండపేట చేరేసరికి మధ్యాహ్నమైంది. రాజ్యలక్ష్మి గారు మంచినీళ్ళిచ్చి కాగితం అందుకున్నారు.

“నేను అలా లేవడం తప్పే. నీ రెండో పేజీ నాకు వినాలని ఉంది.”

ఆవిడ కాగితం తిరగేసి వెనక వైపు చూశారు. “మిగతాదేదండీ?”

“అంతే.”

ఆవిడ లోపలికి వెళ్ళి, ఆ రోజు సభలో మడిచిన కాగితాలు తెచ్చారు.

“రెండో పేజీ అంతా మీ గొప్పలేనండి. పెళ్ళినాటికి సంతకం కూడా రాని నన్ను కూర్చోబెట్టి, ఓపిగ్గా అక్షరాలు దిద్దించేరని రాసేను. మీరే అక్కడిదాకా రానిచ్చేరు కాదు.”

మాష్టారు కుర్చీ ఆవిడ ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. “చదువు” అన్నారు.