నీడన ఆరేసిన మనిషి

రామచంద్రయ్య మోకాళ్లు మగ్గం గుంటలోంచి పైకి లేవమని మొరాయించాయి. గద్వాల దవాఖానలో రక్తం పరీక్ష చేసిన డాక్టరమ్మ విటమిన్ డి బాగా తక్కువుందని చెప్పింది. రోజూ కాసేపు చేతులకూ కాళ్లకూ ఎండ తగలాలి. వారానికో గోలీ అన్నం తిన్నాక వేసుకోవాలి. రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష.

"ఇంట్లోకి ఎండ రాదా?" అని డాక్టరమ్మ అడిగింది.

"రానిస్తే పట్టు రంగు పోదా అమ్మా?" అన్నాడు రామచంద్రయ్య గర్వంగా.

నాగర్‌కర్నూలులో ఉండే కూతురు శ్రుతి ఫోన్‌లో తేల్చి చెప్పింది. "మల్ల పరీక్షల పెరగకుంటే నాయనను నా కాడికి తోల్కపోత. బాగైనంక తోలిస్త."

ఆ మాటతో రామచంద్రయ్య భార్య ఈదమ్మకు ముద్ద దిగలేదు. బాగయ్యాక పంపిస్తామని తీసుకుపోయిన అక్క తిరిగి రాలేదు, తమ్ముడు రాలేదు, మాట్లు వేయిస్తానని పక్కింటావిడ పట్టుకుపోయిన ఇత్తడి గిన్నె కూడా రాలేదు.

అందుకే మొగుణ్ణి తానే బాగు చేయాలనుకుంది. రోజూ మిద్దె మీద మంచం వేసి కూర్చోబెట్టింది. అది అద్దకం వేసిన పట్టు ఆరేసే చోటు. పైన పాత దుప్పటి పందిరిలా కట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి పట్టును నీడన ఆరబెట్టిన చేతులు కదా, ఎండ పాకి వచ్చినప్పుడల్లా మంచాన్ని మెల్లగా అవతలికి జరిపేవి.

"ఎట్లుంది?"

"సల్లగ, హాయిగుంది."

"అయితే మంచిగ పని చేస్తుంది."

ఇంత ఎండలో ఉన్నవాడికి గోలీ కూడా వేస్తే వేడి చేస్తుందని వాటిని బియ్యం డబ్బాలో దాచేసింది.

రెండు నెలలకు శ్రుతి వచ్చింది. అమ్మ కూడా చీకటి గదిలోనే పట్టు దారం కండెలు చుడుతుంది కదా అని ఇద్దరికీ పరీక్ష చేయించింది. మర్నాడు ఫలితాల్లో నాయనకు ఏమీ పెరగలేదని చూసి, తిన్నగా మిద్దె ఎక్కి పందిరి కింద మంచాన్ని చూసింది.

"అమ్మా! నాయనను పట్టు లెక్క నీడల ఆరేసినవా? గోలీలేవి?"

ఈదమ్మ బియ్యం డబ్బా సంగతి చెప్పి కొంగు నలిపింది. "ఇగ సంచి సదురుతవా?"

"సదురుత. నాయనది కాదు, నీది. నాయన కంటె నీకే తక్కువుంది. బాగైనంక తోలిస్త."

కింద నుంచి ఈ మాట విన్న రామచంద్రయ్య ఒక్కో మెట్టుకూ చచ్చిన తల్లిని పిలుచుకుంటూ పైకొచ్చాడు. వచ్చీ రాగానే దుప్పటి ముడి విప్పేశాడు.

"ఈమె పోతే కండెలెవరు చుడ్తరు?"

"అంతేనా?" అంది ఈదమ్మ.

"పప్పు గూడ ఎవరు చేస్తరు?" అని, దుప్పటి మడతపెడుతూ, "నాకు తోచదే" అన్నాడు.

శ్రుతికి నవ్వాగలేదు. "సరే, ఇంకో రెండు నెలలు సూస్త. డాక్టరమ్మ ఇద్దరికీ రాసిచ్చిన గోలీలు వారానికొకటే. మానేసినయన్నీ ఒక్కసారి మింగకుండ్రి. గుడ్డు తినుండ్రి, పాలు తాగుండ్రి" అని చెప్పి, ఖాళీ సంచితో బస్సెక్కింది.

మర్నాడు ఇద్దరూ ఒకే మంచం మీద ఎండలో కూర్చున్నారు.

"జర జరుగే, నా ఎండంత నువ్వే తింటున్నవ్."

"నాకే తక్కువున్నదని బిడ్డ సెప్పలే? నాకే ఎక్కువ గావాలె" అంటూ ఈదమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది.