మెంబరు గారున్నారా?

మంచినీళ్ళ చెరువు నుంచి తెచ్చిన బిందెడు నీళ్ళని రాజేశ్వరి పాత ధోవతి గుడ్డ మడతపెట్టి వడకట్టింది, మరిగించింది, చల్లార్చి మళ్ళీ వడకట్టింది. గ్లాసులో పోసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వాసన నిజంగానే వస్తోందో, తన భయమే వాసనేస్తోందో తేల్చుకోలేక అలాగే నిలబడిపోయింది. పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు కోటేశ్వరమ్మ తలెత్తి చూసి, "అంత కాగబెడితే నీళ్ళలో ఇంకేం సారముంటుంది అమ్మాయ్? నలుగుర్ని కన్నాను నేను. ఈ చెరువు నీళ్ళు పోసే పెంచాను" అంది. ఆ నలుగురిలో ఇద్దరే మిగిలారన్న సంగతి ఆవిడా ఎత్తలేదు, రాజేశ్వరీ ఎత్తలేదు.

పాపకింకా ఏడాది నిండలేదు. వినాయక చవితి వెళ్ళిన వారంలో విరేచనాలు పట్టుకుని, కళ్ళు గుంటలుపడి, ఏడవడానికి కూడా ఓపిక లేక వేలాడిపోయింది. సత్తెనపల్లి డాక్టరు సెలైన్ ఎక్కించి, ఏం నీళ్ళు తాగుతున్నారమ్మా అని అడిగాడు. ఏం నీళ్ళని చెబుతుంది? చెరువు గట్టుకి ఆనుకునే ఊళ్ళో పార్టీ పెద్ద అంకయ్యగారి పత్తి చేలు. మందు కొట్టే రోజుల్లో డ్రములు తెచ్చి ఆ చెరువులోనే ముంచుతారు, స్ప్రేయర్లు అక్కడే కడుగుతారు, ఖాళీ డబ్బాలు అక్కడే గిరాటేస్తారు. పొద్దున పూట రేవులో తెల్లగా నురగ తేలుతుంటుంది. ఆ మందు అమ్మేది తన మొగుడే. రామచంద్రమూర్తి చెడ్డవాడేం కాదు. కొట్టు నుంచి రాగానే సబ్బుతో చేతులు రుద్దిరుద్ది కడుక్కునిగానీ పిల్లని ఎత్తుకోడు. కడుక్కునే నీళ్ళు ఎక్కడివని మాత్రం ఆలోచించడు. ఆలోచించి ఏం చేస్తాడు? ఆ కొట్టు గది అంకయ్యగారిది. పొమ్మంటే సాయంత్రానికల్లా డబ్బాలు రోడ్డు మీదుంటాయి.

"రాజీ, టీ" అని వసారాలోంచి కేక వచ్చింది. గ్లాసు మీద మూతపెట్టి పొయ్యి ఎగదోసింది. వసారాలో పార్టీ వాళ్ళున్నారు. ఎప్పుడూ ఉంటారు.

పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఎవరైనా ఆమె చేత సంతకం పెట్టించుకున్నది పంచాయతీ ఎన్నికలప్పుడే. చేతికి ఇడ్లీ పిండి ఉంది, తుడుచుకుని రమ్మన్నాడు మూర్తి. ఆడవాళ్ళ వార్డు కాబట్టి నీ పేరు పెడుతున్నాం, ఇక్కడో సంతకం గీకు అన్నాడు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా సంబంధం కుదిరిందని బడి మాన్పించారు. అప్పట్నుంచీ వాడని చేతిరాత అలాగే గుండ్రంగా ఉంది. "అబ్బో, దస్తూరి బాగుందే" అని ఆశ్చర్యపోయాడు. గెలిచిన రోజు దండ అతని మెడలో వేశారు. ఆమె లోపల కేసరి కలుపుతోంది. అప్పట్నుంచీ పంచాయతీ బంట్రోతు జాన్ బాషా గుమ్మంలో సైకిలు ఆపి "మెంబరు గారున్నారా?" అనడం, ఆమె పిల్లని చంకలో మార్చుకుంటూ "లేరు, కొట్టుకెళ్ళారు" అనడం అలవాటైపోయింది. ఆ ప్రశ్నలో గానీ, తన జవాబులో గానీ ఏదో తేడా ఉందని ఆమెకి తట్టను కూడా తట్టలేదు. సర్దార్‌బీని చూసేదాకా.

సర్దార్‌బీ దూదేకుల మనిషి. మొగుడు పోయాక అతని ఏకే విల్లు తన భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టేది. సర్పంచి పదవి ఈసారి ఆడవాళ్ళకని పైనుంచి రావడంతో అంకయ్యగారే ఆమెని ఏరి నిలబెట్టారు. "ఏకిన దూది లాంటి మనిషిరా. ఎట్టా అదిమితే అట్టా అణుగుద్ది" అని ఈ వసారాలోనే అన్నారాయన. దూది సంగతి దూది ఏకేవాళ్ళనడగాలని అప్పుడెవరికీ తోచలేదు. అణిగినట్టే అణిగి, చెయ్యి తియ్యగానే మళ్ళీ పైకి లేచేదే దూదంటే.

మొదటి మీటింగు నాడు అంకయ్యగారు అలవాటు కొద్దీ వెళ్ళి సర్పంచి కుర్చీలో కూర్చున్నారట. ఆమె తల మీద కొంగు సర్దుకుని పక్కన నిలబడి, ఆయన గొంతు సవరించుకోవడం అయ్యేదాకా ఆగి, "అన్నా, నీకు ఆ పక్క కుర్చీ తుడిపించి పెట్టాను. ఇది నాకు జనం ఏసింది" అందట. అందరూ నవ్వారు, ఆయనా నవ్వుతూనే లేచారు. ఆమె మాటకి ఆయన నవ్వింది అదే కడసారి. ఆ తర్వాత ఆమె చెరువు పని ఎత్తుకుంది. చెరువు చుట్టూ కంచె వేద్దాం, రైతుల్ని కాదనం, గట్టుకి ఇవతల తొట్టి కట్టి నీళ్ళు తోడి పెడదాం, మందు ఆ తొట్టి దగ్గర కలుపుకోండి అంది. ఒప్పుకోకపోతే, డ్రములు దిగే రేవుకి అడ్డంగా చాప పరిచి, తన పరుపుల పని అక్కడే పెట్టుకుంది. పొద్దున్నించి పొద్దుగూకేదాకా సూదీ దారంతో ఆమె కూర్చుంటే, అంకయ్యగారి ట్రాక్టరు వచ్చి, కాసేపు గుర్రుమని, వెనక్కి తిరిగిపోయేది. ఆడమనిషి మీదకి ఎక్కించలేరుగా.

అవతలి పార్టీ వాళ్ళు ఊరుకున్నారు, అసలు రగిలిపోయింది సొంత పార్టీయే. రైతుల ఓట్లు పోతాయన్నారు. నిలబెట్టినవాళ్ళ మాట వినని మనిషి పార్టీకే చేటన్నారు. మండలం మీటింగుకి పిలిచి వేదిక మీద కుర్చీ లేదన్నారు. ఆ సంగతి మూర్తి అన్నం తింటూ, నవ్వుకుంటూ చెప్పాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే, కుర్చీ లేదంటే ఆమె వెళ్ళి కింద జనంలో కూర్చుందట. పేరు పిలిస్తే అక్కడే లేచి, మైకు అడక్కుండా, నురగ సంగతీ పసిపిల్లల సంగతీ చెప్పిందట. జనమంతా వేదికకి వీపు పెట్టి ఆమె వైపు తిరిగి కూర్చున్నారట. "పెద్ద మొండిఘటం" అన్నాడు. మజ్జిగ పోస్తున్న రాజేశ్వరికి ఆ మాట తిట్టులా వినిపించలేదు. మెడలో వేసుకోదగ్గ సొమ్ములా వినిపించింది.

టీ గ్లాసుల పళ్ళెంతో వసారాలోకి వెళ్ళేసరికి అంకయ్యగారు చెబుతున్నారు. కోరం లేదని పంచాయతీ మీటింగు ఇప్పటికే వాయిదాల మీద వాయిదాలు పడింది. రేపు కూడా పడితే, సర్పంచికి సొంతవాళ్ళ మద్దతే లేదని పైకి రాయిస్తారు. రాజీనామా చెయ్యమని మండలం నాయకులే వచ్చి కూర్చుంటారు. కంచె మాట అంతటితో చెరువులో కలుస్తుంది. "అందుకని, మన మెంబర్లెవరూ రేపు ఆ గడప తొక్కగూడదు. ఇది పార్టీ మాట" అన్నారు. మూర్తి "అట్టాగే బాబాయ్, నేను పొద్దున్నే సత్తెనపల్లి పోతా, సరుక్కి" అన్నాడు. అంకయ్యగారు గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, "పార్టీకి అసలైన సేవ మా అమ్మాయిదేనయ్యా. ఇన్నేళ్ళలో ఒక్కనాడు చక్కెర తగ్గలా" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వాలి కాబట్టి నవ్వింది. లోపలికొచ్చాక ఆ నవ్వు మొహం మీంచి చప్పున దిగలేదు, ఎండిన పిండిలా చెంపలు పట్టేసింది.

ఆ మధ్యాహ్నమే సర్దార్‌బీ వచ్చింది, పాప ఆవాల దిండు పిగిలిందని అంతకుముందెప్పుడో కబురంపితే. పుట్టినప్పుడు తల గుండ్రంగా రావాలని ఆ దిండు కుట్టిచ్చింది ఆమే. సర్పంచి అయ్యాక కూడా, పిలిచిన ఇంటికి సూది పట్టుకుని వస్తూనే ఉంది. అరుగు మీద కూర్చుని, రాలిన ఆవాలు ఒక్కొక్కటే ఏరి లోపల పోస్తుంటే రాజేశ్వరి ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, రేపు ఎవరూ రారట అంది.

"తెలుసు తల్లీ."

"మరి?"

"నేను పోతా. తలుపు తీసి కూచుంటా. రానోళ్ళు రాలేదని ఊరికి కనపడాలి గదా."

భయం లేదా మీకు అని అడిగింది రాజేశ్వరి. అడిగాక, ఆ ప్రశ్న తనకోసమే అడిగానని తెలిసింది. సర్దార్‌బీ దారం పళ్ళతో తెంపింది. నిన్న తమ్ముడొచ్చి కాళ్ళు పట్టుకున్నాడనీ, అంకయ్యతో మనకెందుకక్కా అని ఏడ్చాడనీ, ఆ పూట తనకి అన్నం సహించలేదనీ చెప్పింది. చెప్పి, కుట్టు మీద బొటనవేలు ఆనించి చూసుకుంటూ, "చెయ్యి వణికితే కుట్టు వంకరబోద్ది. అంతే. ఊడిపోదు" అంది. దిండు పాప తల కింద పెట్టి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరక్కుండానే, "నిన్ను రమ్మని అడగనమ్మా. అడిగితే ఆనక నీ ఇంట్లో జరిగేదానికి నేను జవాబు చెప్పాలి. చెప్పలేను" అంది.

తెల్లవారి మూర్తి ప్రయాణమయ్యాడు. పాలవాడికి ఏం చెప్పాలో చెప్పాడు. కొట్టు తాళం ఎక్కడుందో చెప్పాడు. నీలం చొక్కా బొత్తాం ఊడింది కుట్టమన్నాడు. పిల్లకి ఎండ తగలనీకు అన్నాడు. అతను చెప్పులు తొడుక్కుంటున్నంతసేపూ ఆమె స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. ఇప్పుడు అంటాడు, ఆ మీటింగుకి నువ్వు పోవద్దని ఇప్పుడు అంటాడు, అంటే తను సరే అంటుంది, ఇక ఏ ఆలోచనా చెయ్యక్కర్లేకుండా గుండె నెమ్మదిస్తుంది అనుకుంది. సగం మనసు ఆ మాట కోసం ప్రాధేయపడింది కూడా. అతను అనలేదు. సందు మలుపు తిరిగే దాకా చూసింది. వెనక్కొచ్చి కూడా అనలేదు. కావాలనే ఊరుకున్నాడా అంటే అదీ కాదు. వద్దని చెప్పాల్సిన మనిషి ఒకతె ఇంట్లో ఉందని అతనికి తట్టనే లేదు. అంకయ్యగారికీ తట్టలేదు. ఆ పార్టీలో ఎవరికీ తట్టలేదు. కోపం రావాల్సిన చోట ఆమెకి ఏదో కొత్తగా, వాకిట్లో ఎవరో తలుపు తెరిచి పెట్టి మరిచిపోయినట్టుగా అనిపించింది.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. పాప పాక్కుంటూ వచ్చి కొంగు పట్టుకుంది. బయట సైకిలు ఆగిన చప్పుడు.

"మెంబరు గారున్నారా అమ్మా?" అన్నాడు జాన్ బాషా. సర్పంచిగారు మళ్ళీ చెప్పి రమ్మన్నారని, ఎవరూ రారని తెలిసీ తిరుగుతున్నానని, వాడి గొంతులోనే ఉంది. రాజేశ్వరి నాలుక అలవాటు ప్రకారం "లే" దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఉన్నారు" అంది. వాడు మెడ చాచి లోపలికి చూశాడు. మంచం మీద ఎవరూ లేరు, వసారాలో ఎవరూ లేరు. "నువ్వు పద, వస్తున్నారు" అంది. చీర మార్చుకుంటుంటే చేతులు ఒకటే వణుకు. కుచ్చిళ్ళు వంకరగా వచ్చాయి. రానీ అనుకుంది.

కోటేశ్వరమ్మ చాట పక్కన పెట్టి, ఎక్కడికంది. చెప్పింది. "వాడికి తెలిస్తే?" అంది ఆవిడ. "తెలుస్తుందండీ" అంది రాజేశ్వరి. పిల్లని నేను చూడను, నాకేం సంబంధం లేదు అని అటు తిరిగిపోయింది ఆవిడ. సరేనని పాపని ఎత్తుకుని, కాచిన నీళ్ళు సీసాలో పోసుకుంటుంటే, అటు తిరిగే ఉండి, "ఎండ పడుతుంది. తలకి గుడ్డ కట్టు" అంది.

వీధి పొడుగునా తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. కొట్టు పోతుంది. పోతే పుట్టింటికి పొమ్మంటాడా? పాపకి ఎండ దెబ్బ తగిలితే? ప్రతి ఇంటి ముందూ ఒక భయం లేచి వెంటపడింది. తిరిగిపోదామనుకున్న చోటల్లా చెరువు గట్టే కనిపించింది.

పంచాయతీ ఆఫీసు తలుపు బార్లా తీసి ఉంది. ఎదురు టీ కొట్టు బల్ల మీద అంకయ్యగారు కాలు మీద కాలేసుకుని, ఎవరూ రాకపోవడాన్ని చూడడానికే వచ్చి కూర్చున్నారు. లోపల సర్దార్‌బీ తన కుర్చీలో నిటారుగా ఉంది. అవతలి పార్టీ మెంబర్లు కొందరు ఒక పక్క బెంచీ మీద ఉన్నారు. గుమస్తా గడియారం చూసి, ఇంకొక్కరుంటే కోరం సరిపోయేదండీ, అని కలం మూత పెట్టబోతున్నాడు. గుమ్మంలో రాజేశ్వరిని చూసి లేచి, "మీవారు సత్తెనపల్లి వెళ్ళారుగా అమ్మా, ఏమన్నా కబురా?" అన్నాడు. సర్దార్‌బీ తన పక్క బెంచీ మీద పెట్టిన సంచి తీసి చోటు చేసింది.

అంకయ్యగారు రోడ్డు దాటి గుమ్మం దాకా వచ్చారు. గొంతు పెంచలేదు. ఇంటి పిల్లతో మాట్లాడినట్టే, "ఏందమ్మాయ్ ఇది? పార్టీ ఏం చెప్పిందో మీ ఆయన నీకు చెప్పలేదా?" అన్నారు.

రాజేశ్వరి బెంచీ మీద కూర్చుని పాపని ఒళ్ళోకి సర్దుకుంది. గొంతు, ఎక్కడ దాచుకుందో ఇన్నాళ్ళూ, తొమ్మిదో తరగతిలో హాజరు పలికినప్పటి గొంతులాగే వచ్చింది.

"మెంబర్లెవరూ పోవద్దని మీరు చెప్పడం విన్నాను బాబాయిగారూ. అప్పుడు మీకు టీ తెచ్చింది నేనేగా. ఆయన విన్నారు, ఊరెళ్ళారు. మెంబరుకి మాత్రం ఎవరూ చెప్పలేదు."