నడుమ ఖాళీ

పొద్దున షట్టర్ ఎత్తగానే ఎలిజబెత్ ముందు కంప్యూటర్ ఆన్ చేసి, ఆ తర్వాతే టీ చెప్పేది. ప్రొద్దుటూరులో హుమాయున్ వీడియో షాపులో ఆమె పనల్లా చనిపోయినవాళ్ళ ఫోటోలను కదిలించడం. వర్ధంతులకు, పార్టీ మీటింగులకు ఎల్ఈడీ వ్యాన్ల మీద తిరిగే బొమ్మలవి. టైంలైన్ మీద మొదట ఒక కీఫ్రేమ్, అంటే బొమ్మ ఎలా నిలబడాలో చెప్పే గుర్తు, చివర అచ్చం అలాంటిదే ఇంకొకటి పెట్టాలి. అప్పుడే బొమ్మ ఎంతసేపు తిరిగినా అతుకు కనబడదు. చెయ్యి ఎక్కడిదాకా లేవాలో చెప్పడానికి మధ్యలో మరొకటి. వాటి నడుమ కదలడం మాత్రం పోయినవాళ్ళ పని. పాపం వాళ్ళకూ చేతులు నొప్పి పుడతాయని భోజనాల వేళ వ్యాన్లవాళ్ళు తెర ఆపేసేవారు.

ఎలక్షన్ ఏడాది జమ్మలమడుగు దారిలో ఓబులేసును నరికేశారు. దినాలు కాకముందే ఆయన కొడుకు గోవిందు, మేనమామ ఆదెన్నను వెంటేసుకుని షాపుకొచ్చాడు.

"ఎల్లుండి జమ్మలమడుగులో సంతాపసభ. మా నాయన మీసం మీద నుంచి చెయ్యి తీసి పులివెందుల పక్కకు చూపించల్ల. మళ్ళా మీసం మీదికి రావల్ల."

"పులివెందుల్లో ఎవరుండారన్నా?"

"సాలోమోను. అవతలి పార్టీవోళ్ళ జీపు తోల్తాడు," అన్నాడు ఆదెన్న. "మా బావ యాడికి పోతాండాడో వాడే ఉప్పందించినాడు. ఆయప్ప చెయ్యి చూపిస్తే మావోళ్ళు ఇంక ఆగరు."

సాలోమోను ఎలిజబెత్ తమ్ముడని వాళ్ళకు తెలీదు. వాళ్ళు పోగానే ఆమె తమ్ముడికి ఫోన్ చేసి ఊరు విడిచి పొమ్మంది.

"నేనేం చేయల్యాక్కా. చేయనిదానికి ఊరిడిసి యాడికి పోవాల?" అన్నాడు సాలోమోను.

ఎలిజబెత్‌కు రెండు దారులూ మూసుకుపోయాయి. పని కాదంటే షాపు మిగలదు, చేస్తే తమ్ముడు మిగలడు. మీసం మీద చెయ్యి మొదట పెట్టింది, చివరా పెట్టింది. నడుమ కీఫ్రేమ్ తీసేసింది. ఓబులేసు బతికుండగా ఎలిజబెత్ వాళ్ళ పేటలో బోరు వేయించిన మనిషి. ఆయన ఇష్టానికి వదిలేస్తే చేతులు జోడించి ఇక చాలంటాడని ఆమె ఆశ. తిప్పి చూసే ధైర్యం లేక అలాగే పంపేసింది.

సభలో తెర వెలిగింది. ఓబులేసు చెయ్యి మీసం వదిలింది. పులివెందుల వైపు పోలేదు. మెల్లగా వేదిక మీదికి దిగి, గోవిందు పక్క కుర్చీలో ఉన్న ఆదెన్నను చూపిస్తూ ఆగింది.

"బావా..." అంటూ లేచాడు ఆదెన్న.

చెయ్యి మళ్ళీ మీసం మీదికి చేరుకుంది, అతుకు లేకుండా. అది రెండోసారి దిగేదాకా జనం ఆగలేదు, ఆదెన్న మీద పడ్డారు. గుంపు చివర నిలబడ్డ ఎలిజబెత్ కళ్ళు మూసుకుంది. తమ్ముడు బతికాడన్న సంతోషం కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వారం తిరక్కుండానే ఆదెన్న భార్య మహాలక్ష్మమ్మ మొగుడి ఫోటో పట్టుకుని షాపుకొచ్చింది.

"ఆయప్ప చేతులు కట్టుకోని నిలబడినట్టు పెట్టు. కడాకు కూడా అట్లే పెట్టు."

"నడుమ ఏం పెట్టల్ల పెద్దమ్మా?"

"ఏం పెట్టగాకు. ఎవరు చంపించినారో ఆయప్పే చూపిస్తాడు." మహాలక్ష్మమ్మ స్టూలు లాక్కుని ఎలిజబెత్ పక్కనే కూర్చుంది. "ఈడనే ఏసి చూపియ్. మా కొడుకులు బయటుండారు, పిలుస్తా."