లేని నీళ్ళు

సరస్సు ఒడ్డునున్న బాలిక్చి రేవులో ఇరవై రెండేళ్ళు క్రేను నడిపిన సోనున్‌బూబు రిటైరయ్యాక కెమెరా పట్టింది. నాలుగేళ్ళుగా ప్రతి శనివారం ఒడ్డుకు వెళ్ళి సరస్సును ఫొటో తీస్తోంది. ఏటేటా నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఒకప్పుడు తన క్రేను కింద ఓడలు ఆగిన రేవు ఇప్పుడు ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంది.

ఆ శీతాకాలం ఊళ్ళోని ఫొటో క్లబ్బు ఫొటోలు దిద్దే కొత్త సాఫ్ట్‌వేర్ కొని సభ్యులందరికీ ఇచ్చింది. నేర్పేవాడు కుబాత్, పెళ్ళి ఫొటోలు తీసే కుర్రాడు. పాతదాంట్లో ఆమెకు అలవాటైన మీట ఒక్కటీ కొత్తదాంట్లో ఉన్నచోట లేదు.

"ఆకాశంలో ఈ దుమ్ము మచ్చలు ఎలా తియ్యాలో చూపించు తమ్ముడూ, చాలు," అంది.

కుబాత్ ఆమె రేవు ఫొటోను గోడమీది తెరకెక్కించాడు. ఇసుక చుట్టూ గీత గీసి, "నీళ్ళు" అని టైపు చేశాడు. క్షణంలో ఇసుక మాయమై నీలి అలలు లేచాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇవెక్కడి నీళ్ళయ్యా?" అంది సోనున్‌బూబు.

"ఎక్కడివీ కావక్కా. అదే కదా గొప్ప!"

"సరస్సు ఎండిపోతుంటే నువ్వు బొమ్మలో నింపుతావా? తీసెయ్ ముందు!"

"ఫొటోయేగా అక్కా, అంత కోపమెందుకు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి టీ అయినా తాగకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం తక్కువ తిన్నదా! అడక్కుండానే ఇసుకకు బంగారు రంగు పూసేది, బూడిద మబ్బుల్ని ఉతికి ఆరేసేది. "నిన్నెవరడిగారే!" అని ఆమె తెరను తిట్టిపోసేది. తిడుతూనే నోటుబుక్కులో ఒక్కో మీటా రాసుకుంది. పన్నెండు రోజులకు దాని సొంత తెలివినంతా ఆపెయ్యడం పట్టుబడింది. మచ్చలు చేత్తో తుడిచి, ఎండిన రేవును అచ్చు వేయించింది.

వసంతంలో వచ్చే నూరుజ్ పండక్కి క్లబ్బువాళ్ళు ప్రదర్శన పెట్టారు. తన ఫొటో చంకన పెట్టుకుని వెళ్ళిన ఆమెకు గోడమీద నీలి అలల ఫొటో కనిపించింది. కింద తన పేరు! రిసార్టు యజమాని ఒకడు, "మా కరపత్రానికి ఇదే కావాలి," అంటున్నాడు.

ఆమె తిన్నగా వెళ్ళి దాన్ని గోడమీంచి దించేసింది.

"అతిథులున్నారు, పరువు తియ్యకక్కా," అన్నాడు కుబాత్ చెవిలో.

"నా పేరుతో అబద్ధం తగిలించినప్పుడు నా పరువు గుర్తు రాలేదా? నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవో నువ్వు నాకు చూపిస్తావా? నువ్వు పుట్టకముందు నుంచీ చూశాన్రా!"

తన ఫొటో తగిలించింది. "ఇసుకనెవరు చూస్తారమ్మా?" అంటూ రిసార్టు యజమాని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి క్లబ్బువాళ్ళు ఆమె ఫొటో తీసేసి చేతిలో పెట్టారు.

మర్నాడు వెళ్ళి చూస్తే నీలి అలలు మళ్ళీ గోడెక్కాయి. తన పేరు మాత్రం లేదు. సోనున్‌బూబు సంచిలోంచి కాగితం తీసి, "ఈ ఫొటో తీసిన రోజు ఇక్కడ నీళ్ళు లేవు" అని రాసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టి టేపుతో అంటించింది.

కాపలా ముసలాయన పరుగెత్తుకొచ్చాడు. చింపబోయి, చదివి ఆగాడు. ఆయన కూడా ఆ రేవులో పనిచేసినవాడే.

"టేపు నిలవదమ్మా," అన్నాడు జేబు తడుముకుంటూ. "మేకు కొడదాం, ఉండు."