చింతమొద్దు సాక్ష్యం

కోర్టు కమీషనరు బుధవారం వస్తాడని కబురు అందిన రోజే, ఎండిపోయిన చింతచెట్టును కొట్టేయాలని చిన్నప్ప నిర్ణయించాడు.

చెట్టు చచ్చి రెండేళ్లయింది. రెంటచింతల ఎండకు బెరడంతా ఊడి, ఎముకలా తెల్లబడి నిలబడి ఉంది. కాస్త గాలి లేస్తే కొమ్మ విరిగి పడుతోంది. పోయిన వారం ఫిలోమినా ఎండబోసిన మిరపకాయల మీద ఒకటి పడింది. ఆమె పక్కకు జరిగి అప్పటికి ఒక్క క్షణమే అయింది.

"నా మీద పడబోయినా నీకు చీమ కుట్టినట్టన్నా లేదు గానీ, కమీషనరు మీద పడుద్దేమోనని గొడ్డలి నూరతన్నావా?" అంది ఫిలోమినా.

"నీ మీద పడితే ఏడుస్తాను. ఆయన మీద పడితే దావా పోద్ది," అన్నాడు చిన్నప్ప.

దావా బావి కోసం. చెట్టుకు దక్షిణంగా నాలుగు గజాల దూరంలో ఉందా బావి. ఊళ్లో బావులన్నీ అడుగంటే మే నెలలో కూడా అందులో రెండు నిలువుల లోతు నీళ్లుంటాయి. బావికి తూర్పున చిన్నప్ప దొడ్డి, పడమర నూర్ మొహమ్మద్ దొడ్డి. మాచర్ల స్టేషనుకు బండ్లు తోలే నూర్ మొహమ్మద్ బావి తనదంటాడు. చిన్నప్ప తనదంటాడు. నరసరావుపేట కోర్టులో తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఇదే మాట అంటున్నారు.

తేల్చాల్సింది ఒక సర్వే రాయి. చింతచెట్టు మొదట్లో ఉండేదని ముసలివాళ్లంటారు. ముప్పై ఏళ్లుగా కనపడటం లేదు. రాయి చెట్టుకు పడమటి పక్కన తేలితే హద్దు బావికి పడమరగా పోతుంది, బావి చిన్నప్పది. తూర్పు పక్కన తేలితే నూర్ మొహమ్మద్‌ది. రాయిని మీ నాన్నే మాయం చేశాడని ఒకరంటే, కాదు మీ నాన్నేనని రెండోవాడు. కమీషనరు వచ్చి, చెట్టు చుట్టూ తవ్వించి చూస్తాడట.

చిన్నప్ప చెట్లు కొట్టడం తెలిసినవాడు. యుద్ధం రోజుల్లో నల్లమల కలప డిపోలో నాలుగేళ్లు పనిచేసి, పదివేళ్లూ సరిగా ఉన్న ఒకేఒక్క మనిషిగా తిరిగొచ్చాడు. కూలీలను పిలవలేదు. వాళ్లకు తొందరెక్కువ, తొందర ప్రాణం తీస్తుందనేవాడు.

ఆదివారం చర్చిలో పూజ ముగిశాక నిచ్చెన వేశాడు. ముందు బావి మీద పలకలు పరిచాడు. పై కొమ్మలను మోకుతో కట్టి, ఒక్కొక్కటే కోసి, మెల్లగా కిందికి దించాడు. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో తాడు కట్టి, అది దాటినవాణ్ణి తానే ముందు కొడతానన్నాడు. చెట్టు పడేటప్పుడు తాను పరుగెత్తాల్సిన దారిలో రాళ్లు ఏరేశాడు.

గోడ అవతల నూర్ మొహమ్మద్ ఎద్దుకు గడ్డి వేస్తూ చూస్తున్నాడు. దావా పడినప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. నూర్ మొహమ్మద్ తన ఎద్దుతో మాట్లాడతాడు, చిన్నప్ప చెట్టుతో మాట్లాడతాడు. వినాల్సినవాడు వింటాడు.

"చూశావా సుబేదారూ," అన్నాడు నూర్ మొహమ్మద్ ఎద్దుతో, "కొందరు చెట్టు కొట్టే ముందే పారిపోయే దారి వెతుక్కుంటారు."

"పారిపోయే దారి లేనోళ్లకు నవ్వొస్తది," అన్నాడు చిన్నప్ప చెట్టుతో. "నువ్వు పడమటికి పడ్డావంటే ఒకాయన బండ్లపాక కప్పు నేల మట్టమైద్ది. అప్పుడు చూద్దాం నవ్వు."

నూర్ మొహమ్మద్ నవ్వడం ఆపాడు. కాసేపటికి గోడ మీదుగా ఒక కొత్త మోకు వచ్చి పడింది.

చిన్నప్ప ఉత్తరం వైపు, ఖాళీ చేను ఉన్న దిక్కున, గొడ్డలితో లోతుగా గాటు పెట్టాడు. తర్వాత వెనక నుంచి రంపం వేశాడు. కాస్త కోసి, ఆగి విని, మళ్లీ కోశాడు. చెట్టు ఒక్కసారి మూలిగింది. చిన్నప్ప రంపం వదిలేసి, రాళ్లు ఏరేసిన దారిలో పరుగెత్తాడు. చింతచెట్టు సరిగ్గా అనుకున్న చోట, చేలో పడుకుంది. ఎవరికీ గోరంత గాయం కాలేదు. చూడ్డానికి వచ్చిన జనం నిరాశగా వెళ్లిపోయారు.

మిగిలింది మొద్దు.

"మొద్దును అట్టే వదిలెయ్, చెదలే తింటది," అంది ఫిలోమినా.

"కమీషనరు కాలికి తగిలి పడితే?"

సోమవారం తెల్లవారకముందే మొద్దు చుట్టూ కందకం తవ్వాడు. వేర్లను ఒక్కొక్కటే నరికాడు. బావి వైపు వేళ్లను లాగితే బావి ఒర కదులుతుందని వాటిని రంపంతో కోశాడు. మధ్యాహ్నానికి నడుం లోతు గొయ్యి అయింది. తన ఎడ్లజత లాగితే మొద్దు కదిలింది గానీ పైకి రాలేదు.

అప్పుడు గోడ వారగా గంటల చప్పుడు వినిపించింది. నూర్ మొహమ్మద్ సుబేదారునూ దాని జతనూ తోలుకొచ్చాడు.

"సుబేదారూ," అన్నాడు ఎద్దు చెవిలో, "ఎవురికీ సాయం కాదు. నీకు వ్యాయామం."

శత్రువుకు ఇంత మంచితనం ఎక్కడిదని చిన్నప్ప ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యం కన్నా పని ముఖ్యం. నాలుగెద్దులు కలిసి ఊపిరి బిగించి లాగాయి. మొద్దు దబ్బున ఊడి, మట్టి ముద్దతో సహా నాలుగైదు దొర్లు దొర్లి, చిన్నప్ప దొడ్లోకి వచ్చి ఆగింది.

చచ్చిన చెట్టు గొయ్యి దీపాలవేళకు పూడకపోతే ఇంట్లో మనిషిని అడుగుతుందని ఊళ్లో నమ్మకం. ఈ విషయంలో మతాల తేడా లేదు. ఫిలోమినా చర్చి నుంచి తెచ్చిన మంత్రించిన నీళ్లు చల్లింది. నూర్ మొహమ్మద్ భార్య హజ్రా బీ గుప్పెడు ఉప్పు వేసింది. చిన్నప్ప మట్టి పూడ్చి, దిమ్మిసతో కొట్టి, పైన గుంటక తోలి చదును చేశాడు. అక్కడ చెట్టు ఉండేదని చెప్తే తప్ప తెలియదు. మొదలు ఏ చోట ఉండేదో చెప్పినా తెలియదు.

"చానా జాగర్తగా చేశాను," అన్నాడు చిన్నప్ప చేతులు కడుక్కుంటూ.

మంగళవారం పొద్దున పొయ్యిలోకి మొద్దును చీలుస్తుంటే గొడ్డలి ఖంగుమంది. నిప్పురవ్వ లేచింది. చిన్నప్ప మట్టి రాల్చి చూశాడు. పిడికిలి బిగించినట్టు అల్లుకున్న వేర్ల మధ్య ఒక నల్లరాయి. దాని నెత్తిన సర్వేవాళ్ల బాణం గుర్తు.

ఫిలోమినా సిలువ వేసుకుంది. "దేవుడా, దొరికింది! ఎవుళ్లూ దొంగిలించలా. చెట్టే మింగింది. ఇంక బావి మనదే!"

చిన్నప్ప గొడ్డలి కింద పెట్టి కూలబడ్డాడు.

"ఏందయ్యా?"

"యాడ ఉన్నదే ఇది?"

"చెట్టు కింద."

"చెట్టుకు తూర్పునా, పడమరా?"

ఫిలోమినా మొద్దు వైపు చూసింది. అది నాలుగైదు దొర్లు దొర్లింది, పైగా గాటు ఎటుందో, వేరు ఎటుందో తెలియకుండా సగానికి పైగా పేళ్లయింది. గొయ్యి వైపు చూసింది. అక్కడ గొయ్యి లేదు. తొమ్మిదేళ్ల దావాను గెలిపించే సాక్షిని చిన్నప్ప ఒక్క గీత పడకుండా, ఎంతో భద్రంగా, చోటు తప్పించాడు.

చెయ్యగలిగింది ఒక్కటే. పన్నెండు దాటాక, ఆ ఊళ్లో కుక్కలు కూడా కాలు బయట పెట్టని ఎండలో, చిన్నప్ప రాయిని గోనెసంచిలో చుట్టుకొని గునపంతో బయల్దేరాడు. పడమటి పక్కన పాతిపెడితే సరి.

అక్కడ అప్పటికే ఒక మనిషి వంగి తవ్వుతున్నాడు. పక్కన ఒక గోనెసంచి.

ఇద్దరూ నిలబడిపోయారు. సమయానికి ఎద్దూ లేదు, చెట్టూ లేదు. తొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడాల్సి వచ్చింది.

"ఏంది సాయిబూ, ఇంత ఎండలో?"

"చిక్కుడు గింజలు పెడదామని. నీ సంచిలో ఏంది?"

"నాయీ చిక్కుడు గింజలే."

"చానా బరువున్నట్టున్నయ్యే."

"మంచి రకంలే. నీయీ తక్కువేం లేవు."

నూర్ మొహమ్మద్ నుదుటి చెమట తుడుచుకొని సంచి విప్పాడు. కొత్తగా చెక్కిన రాయి, బాణం గుర్తు ఇంకా తెల్లగా మెరుస్తోంది. "మాచర్లలో చెక్కించా. ఆరు నెల్లయింది. గట్టినేల తవ్వితే కొత్తగా తవ్వినట్టు తెలిసిపోద్దని ఆగినా. నువ్వే దయ చేసి మెత్తగా చేశావు."

"అందుకా ఎడ్లు తోలుకొచ్చింది!"

"మరి నీ మీద ప్రేమా?"

చిన్నప్ప కూడా సంచి విప్పాడు. నూర్ మొహమ్మద్ వంగి చూశాడు. రాయి మీద వేర్ల ముద్రలు చూశాడు. వేలితో వాటిని తడిమాడు.

"ఇది అసలుది."

"అసలుదే."

"అయితే మా నాన్న తియ్యలేదు."

"మా నాన్నా తియ్యలేదు."

చచ్చిపోయిన ఇద్దరు పెద్దమనుషులకు న్యాయం జరిగింది. బావి సంగతి మాత్రం తేలలేదు. రాయి తూర్పున ఉండేదని ఒకడు, పడమర ఉండేదని ఒకడు. నేను లేచి వెళ్తే వీడు పాతేస్తాడని ఇద్దరికీ ఒకే అనుమానం. అందుకని ఇద్దరూ ఎవరి సంచి మీద వాళ్లు కూర్చున్నారు. పెళ్లాలు సంగటి అక్కడికే తెచ్చారు. బుధవారం పొద్దున తొమ్మిదింటికి కమీషనరు, సర్వేయరు, ఊరి కరణం రామబ్రహ్మం వచ్చేసరికి ఇద్దరూ ఇంకా అలాగే కాపలా ఉన్నారు.

"సర్వే రాయి దొరికిందా?" అన్నాడు కమీషనరు.

"రెండు దొరికినయ్యండీ," అన్నాడు నూర్ మొహమ్మద్ దిగాలుగా.

అంతా విన్నాక కమీషనరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సర్వేయరు విసుగ్గా కొలత గొలుసు విప్పించాడు. "రాయి దాని చోట ఉండుంటే అక్కణ్ణుంచి నాలుగు గజాలు కొలిచి, బావి మీ ఇద్దరిలో ఎవరిదో రాసేసి, చల్లబడకముందే కాఫీ తాగేవాణ్ణి. ఇప్పుడు ఊరి పొలిమేర రాయి నుంచి లాక్కురావాలి."

మైలున్నర గొలుసు లాగారు. మధ్యాహ్నం రెండింటికి కరణం రామబ్రహ్మం పాత పటం నేల మీద పరిచి, దాని మీదికి వంగి, తల గోక్కున్నాడు.

"చిన్నప్పా, నీ దొడ్డి ఈడికే. నూర్ మొహమ్మద్, నీది ఆడికే. మధ్యలో పది గజాల వెడల్పున పశువులు నడిచే డొంకదారి ఉండాలి. మీ తాతలు ఇటు నుంచి కొంత, అటు నుంచి కొంత కలుపుకున్నారు. చెట్టు రాయిని మింగింది. మీరు డొంకను మింగారు."

"మరి బావి?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"డొంకలో ఉంది. సర్కారుది. ఎవరైనా తోడుకోవచ్చు." కరణం పటం మడిచాడు. "అన్నట్టు, చెట్టూ డొంకలోదే. సర్కారు చెట్టును ఎవరు కొట్టారు?"

అందరూ చిన్నప్ప వైపు చూశారు. చింత కట్టెలు అతని దొడ్లో చక్కగా, పొడవును బట్టి వరసలుగా పేర్చి ఉన్నాయి.

"జుల్మానా రాయనులే," అన్నాడు కరణం. "ఇద్దరూ కలిసి అక్కడే ఇంకో చింతమొక్క నాటి బతికించండి. చచ్చిందో, అప్పుడు రాస్తా."

మరుసటి వారం బావి చుట్టూ బజారు బజారంతా బిందెలతో నిలబడింది. వరసలో ఇరవైయ్యో మనిషి చిన్నప్ప, ఇరవై ఒకటో మనిషి నూర్ మొహమ్మద్. ఇద్దరి చేతుల్లోనూ మొక్కకు పోయాల్సిన కుండలు.

"సాయిబూ," అన్నాడు చిన్నప్ప, "సర్వేయరు కొత్త రాయి యాడ పాతాడో చూశావా?"

"చూశా. మన మొక్కకు జానెడు దూరంలో."

"అట్టయితే మొక్కను పీకి ఇంకాస్త అవతల పెట్టాలి. పెద్దదై మళ్లీ మింగుద్ది."

"ముట్టుకోబాకు," అన్నాడు నూర్ మొహమ్మద్ కంగారుగా. "నువ్వు ఇంకోటి జాగర్తగా పీకితే ఈసారి మన ఇళ్లు కూడా డొంకలోకి పోతయ్."